నలభై మూడో రకం తప్పు

మీటింగుల్లో నోరు తెరవకూడదని పైడిరాజు మాస్టారికి తెలియక కాదు. శిఖరాగ్ర బాలికల జూనియర్ కాలేజీలో పదకొండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. సోమవారం స్టాఫ్ మీటింగుకి వెనక వరసలో కిటికీ పక్క కుర్చీ చూసుకోవడం, డైరీలో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకోవడం, టీ వచ్చాక తలెత్తడం అతనికి కొట్టిన పిండి. కానీ ఆ సోమవారం టీ ఆలస్యమైంది.

డీన్ విశ్వంభరంగారు అప్పటికే అరగంటగా నిలబడి ఉన్నారు. ఆయన మామూలుగా మాట్లాడరు. ఆయన నోట్లోంచి వచ్చేవన్నీ సర్క్యులర్లే.

"గత ఆదివారం నిర్వహించబడిన అభ్యాస పరీక్షలో మన ప్రాంగణ సగటు నూట అరవైకి ఎనభైగా నమోదు కాబడినది. ఎంట్రెన్సు నాలుగు మాసముల దూరంలో ఉన్నది. ఈ సగటునకు బాధ్యులెవరు?"

బాధ్యులు పద్నాలుగు మందీ తలలు వంచుకున్నారు. టీ ఎంతకీ రాకపోయేసరికి పైడిరాజుకి ఏం పుట్టిందో, నిజం చెప్పేశాడు.

"పిల్లలు ఆదివారం పరీక్ష రాస్తున్నారు, సోమవారం మార్కులు చూసుకుని ఏడుస్తున్నారు, మంగళవారం మర్చిపోతున్నారు సార్. తప్పు పోయిన లెక్కని కూచుని మళ్లీ చేసుకుని, ఎక్కడ పోయిందో చూసుకుంటే చాలు. నలభై మార్కులు పెరుగుతాయి."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధమే అయితే అందరూ చప్పట్లు కొట్టి మర్చిపోయేవారు. నిజం కావడంతో డీన్‌గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"పునఃపరిశీలన!" అన్నారాయన, బంగారు గని బయటపడ్డట్టు.

మూడు రోజుల్లో విభాగం పుట్టింది. పేరు దోష విశ్లేషణ మరియు పునఃపరిశీలన విభాగం. దానికి గది కావాలి కాబట్టి ఫిజిక్స్ ల్యాబు ఖాళీ చేయించారు. లోలకాలూ కటకాలూ స్ప్రింగు త్రాసులూ అట్టపెట్టెలకెక్కి మెట్ల కిందకి చేరాయి. కన్వీనరుగా ఎవర్ని వెయ్యాలన్న అనుమానం ఎవరికీ రాలేదు. మాట అన్నవాడి నెత్తినే మూట పెట్టడం ఆ కాలేజీ ఆచారం.

ఆ తర్వాత పత్రం వచ్చింది. గులాబీ రంగు, రెండు వైపులా అచ్చు, పేరు త-1. ఒక్కో తప్పు సమాధానానికి ఒక్కో పత్రం నింపాలి. తప్పు జరిగిన తేదీ, సమయం, ఆ సమయంలో విద్యార్థిని మానసిక స్థితి, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయింది, పొద్దున్న ఏం తింది, ఇదే తప్పు గతంలో కుటుంబంలో ఎవరైనా చేసి ఉన్నారా అన్న గడులున్నాయి. మధ్యలో తప్పు రకం. రకాలు నలభై రెండు. ఒకటోది అజాగ్రత్త, రెండోది అతి జాగ్రత్త, మూడోది అజాగ్రత్త వల్ల కలిగిన అతి విశ్వాసం. పదిహేడోది కిటికీలోంచి చూడడం. ముప్ఫై ఒకటోది ఇంటి బెంగ. అన్నిటి కిందా "ఈ దోషమును మరల చేయనని హామీ ఇచ్చుచున్నాను" అన్న వాక్యం, దాని కింద విద్యార్థిని సంతకం, తండ్రి సంతకం.

పైడిరాజు ఆ కాగితాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. వెతుకుతున్నది దొరకలేదు. డీన్‌గారి గదికి వెళ్లాడు.

"సార్, లెక్క సరిగ్గా చేసి చూసుకోడానికి ఇందులో చోటు లేదండీ."

"ఎందులకు ఉండవలెను?"

"ఎలా చెయ్యాలో తెలిస్తేనే కదా సార్ మళ్లీ తప్పు చెయ్యకుండా ఉంటారు?"

డీన్‌గారు జాలిగా నవ్వారు. "పైడిరాజుగారూ, మనది దోష విశ్లేషణ విభాగం. సరైన సమాధానం కీలో కలదు. కీ అనునది పరీక్షల విభాగం వారి పరిధి. ఆ సమాధానం ఎట్లు వచ్చినదన్నది బోధనా విభాగం వారి పరిధి. ఎవరి పరిధిలో వారుండుటనే సంస్థ అందురు."

"బోధనా విభాగం అంటే నేనే కదండీ?"

"నిన్నటి వరకు" అన్నారు డీన్‌గారు, బల్లమీది గంట నొక్కుతూ.

సగటు పిల్లకి ఎనభై తప్పులు. ఒక్కో పత్రానికి పన్నెండు నిమిషాలు వేసుకున్నా పదహారు గంటలు. మూడు గంటల్లో రాసిన పరీక్షని పునఃపరిశీలించడానికి సోమ మంగళ బుధవారాలు చాలడం లేదు. టైం టేబుల్లో చోటు కావాల్సి వచ్చింది. ముందు ఆటల పీరియడు తీసేద్దామనుకున్నారు గానీ, కాలేజీ పుట్టినప్పట్నుంచీ ఆ పీరియడు లేదని తేలింది. దాంతో లెక్కల్లో ఒక గంటా, ఫిజిక్సులో ఒక గంటా, కెమిస్ట్రీలో ఒక గంటా కోశారు. పాఠాలు తగ్గేసరికి తప్పులు పెరిగాయి. తప్పులు పెరిగేసరికి పత్రాలు పెరిగాయి. పత్రాలు పెరిగేసరికి ఇంకో గంట కోశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇక్కడ టైం టేబుల్ వేసుకుని మరీ ఊడింది.

పత్రాలు నింపడంలోనూ పిల్లలు తప్పులు చేస్తున్నారని గమనించి, వాటికోసం పసుపు రంగు త-2 అచ్చు వేయించారు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. "ఈ వారం విశ్లేషించబడిన దోషములు: 51,200." హెడ్డాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. పక్క ఊరి బ్రాంచి ఇంకా ముప్ఫై వేల దగ్గరే కొట్టుకుంటోందట.

బోర్డు పెట్టాక పోటీ రాకుండా ఉంటుందా? సెక్షన్ల వారీగా తప్పుల లెక్క వెయ్యడం మొదలైంది. సి సెక్షన్ వెనకబడింది. దాని ఇన్‌ఛార్జి మేడం పిల్లల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టింది.

"అందరికీ తొంభైలొస్తుంటే మీకు డెబ్బై రెండేమిటే? కొంచెం శ్రద్ధ పెట్టలేరా?"

పిల్లలు శ్రద్ధ పెట్టారు. పిల్లలు తెలివితక్కువ వాళ్లు కాదు. రానివాటి జోలికి పోకుండా, బాగా వచ్చిన ప్రశ్నలకే పరీక్షలో కావాలని తప్పు గడి నింపడం మొదలెట్టారు. వచ్చిన లెక్క అయితే "ఒకటో రకం, అజాగ్రత్త" అని రెండు నిమిషాల్లో పత్రం అయిపోతుంది. రాని లెక్క దగ్గర కూచుంటే ఏ రకమో తేలక తల వాచిపోతుంది. రానివి అలాగే రాకుండా ఉండిపోయాయి.

గొర్లె దమయంతి మాత్రం ఈ తెలివి తెచ్చుకోలేకపోయింది. సెకండియర్ పిల్ల. తండ్రి సూరప్పడు ఊళ్లోని జూట్ మిల్లులో మగ్గం మీద పని చేస్తాడు, తల్లి అదే మిల్లులో గోనెసంచులు కుడుతుంది. గవర్నమెంటు ఇంజినీరింగు కాలేజీలో సీటొస్తే చదువు, రాకపోతే తల్లి పక్కన కూచుని సంచులు కుట్టడం. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అందరికీ తెలుసు కాబట్టి అవసరం లేదు.

జనవరిలో ఒకరోజు ఆ పిల్ల కారిడార్లో పైడిరాజుని ఆపింది. చేతిలో ప్రశ్నపత్రం ఉంది.

"సార్, ముప్ఫై ఏడో బిట్టు. కీలో సి అనుంది. ఎందుకు సి?"

పైడిరాజు ఆగిపోయాడు. 'ఎందుకు' అన్న మాట అతని చెవిన పడి నెలన్నరైంది.

"సైకిల్ ముందుకెళ్తంటే ఫ్రిక్షన్ వెనక్కే కద సార్ ఉండాలి? నాకు పెతిసారీ ఇదే పోతంది."

చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో ఫ్లోర్ ఇన్‌ఛార్జి మహంతి ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో, ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. అంతస్తులో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో రాసుకోవడం అతని ఉద్యోగం.

"ఆ బిట్టుకి త-1 అయిందా?"

"అయింది సార్. నాలుగుసార్లు" అంది దమయంతి.

"రకం?"

"మొదటిసారి ఒకటి. తర్వాత మూడు, పదిహేడు, ముప్ఫై ఒకటి."

"నాలుగు రకాలుగా విశ్లేషించాక ఇంకా డౌటేంటమ్మా? పద క్లాసుకి."

ఆ పిల్ల కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. పైడిరాజుకి ఆ పూట అన్నం సయించలేదు. చెయ్యి కడుక్కోడానికి కుళాయిల దగ్గరికి వెళ్తే అక్కడ ఆ పిల్ల టిఫిన్ బాక్సు కడుగుతోంది. అటూ ఇటూ చూశాడు. కుళాయిల దగ్గర ఎప్పుడూ బురదే. మహంతివి తెల్లబూట్లు, అతను అటు రాడు.

"మీ నాన్నకి సైకిలుందా?" అన్నాడు, కుళాయి తిప్పి చేతులు తడుపుకుంటూ.

"ఉంది సార్. మిల్లుకి దానిమీదే ఎల్తాడు."

"ఇదిగో, ఈ బురదలో నిలబెట్టి తొక్కేడనుకో. ఏమవుతుంది?"

"వెనక చక్రం అక్కడక్కడే తిరుగుతాది. బండి కదల్దు."

"అదే పొడి నేలమీద?"

"ఎల్పోద్ది."

"తొక్కడం అదే తొక్కడం కదా. మరి బండిని ముందుకి తోసింది ఎవరు?"

దమయంతి చేతిలో బాక్సు అలాగే ఉండిపోయింది. "నేలా?"

"చక్రం నేలని వెనక్కి తోస్తే, నేల చక్రాన్ని ఎటు తోస్తుంది?"

"ముందుకి! వెనక చక్రం దగ్గర ఫ్రిక్షన్ ముందుకే సార్!" అని గట్టిగా అరిచి, నాలిక్కరుచుకుంది.

మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు పత్రాలూ నలభై ఎనిమిది నిమిషాలూ పోగా మిగిలిపోయింది ఈ నాలుగు నిమిషాలే. పైడిరాజుకి చాలా సంతోషమేసింది. జీతం తీసుకున్నంత న్యాయంగా ఉంది ఆ సంతోషం.

ఆ రోజునుంచీ వాళ్లిద్దరి చేతులకీ మురికి ఎక్కువైంది. రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు కడుక్కునేవారు. ముందు వారం పరీక్షలో పోయిన లెక్కలు రెండు తెచ్చుకునేది దమయంతి. ఎలా ఆలోచించిందో ముందు ఆమె చెప్పాలి. అందులో ఎక్కడ దారి తప్పిందో ఆమే పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే అతను ఒక్క ప్రశ్న వేస్తాడు. ఎనభై ఒకటి వచ్చే పిల్లకి తొంభై ఎనిమిదొచ్చాయి. ఆపైన నూట ఇరవై మూడు, నూట నలభై ఏడు. ఎంట్రెన్సు తొమ్మిది రోజులుందనగా జరిగిన చివరి ఆదివారం పరీక్షలో నూట అరవైకి నూట అరవై వచ్చాయి.

సోమవారం పొద్దున్నే మహంతి పరుగున వచ్చాడు. అతని ఫోన్లో ఎర్రదీపం వెలుగుతోంది. ప్రతి విద్యార్థిని వారపు దోషాల సంఖ్య నమోదు చేసే యాప్ ఒకటుంది. దమయంతి పేరు కింద సున్నా వేస్తే అది ఒప్పుకోవడం లేదు. "దయచేసి కనీసం ఒక దోషమును నమోదు చేయండి" అంటోంది.

యాప్ ఒప్పుకోకపోతే వారపు నివేదిక కదలదు. ఒక్క పిల్ల వల్ల ఆరువందల ముప్ఫై తొమ్మిది మంది తప్పులు ఆగిపోయాయి. మధ్యాహ్నానికల్లా సూరప్పణ్ని పిలిపించారు.

అతను పొద్దుటి షిఫ్టు దిగి సరాసరి వచ్చాడు. చొక్కానిండా గోనె నూగు అంటుకుని ఉంది. కుర్చీ చూపించినా కూచోలేదు. డీన్‌గారి పక్కన మహంతి, ఎదురుగా దమయంతి, కన్వీనరు హోదాలో పైడిరాజు.

"మీ కుమార్తె పునఃపరిశీలనకు సహకరించుట లేదు" అన్నారు డీన్‌గారు.

"ఏటి సేసింది బావూ మా గుంట?"

"ఏమియు చేయలేదు. అదియే సమస్య. ఒక్క దోషమును కూడ చేయలేదు."

సూరప్పడు కూతురి వైపు చూశాడు, పైడిరాజు వైపు చూశాడు. "మరి మార్కులెన్నొచ్చినాయి బావూ?"

"నూట అరవైకి నూట అరవై."

"అయితే మంచిదే కదా?"

"ఎట్లు మంచిది? దోషములు లేని విద్యార్థిని దేనిని పునఃపరిశీలించుకొనును? పునఃపరిశీలన లేనిదే మార్కులు ఎట్లు పెరుగును?"

"ఇంకెక్కడికి పెరుగుతాయి బావూ?"

డీన్‌గారు నియమావళి తీశారు. నియమం ఏడు. చివరి వారపు పునఃపరిశీలన పూర్తికాని విద్యార్థినులకు హాల్ టికెట్టు ఇవ్వబడదు. ఎంట్రెన్సు దరఖాస్తులన్నీ కాలేజీయే పెట్టింది, వాటి పాస్‌వర్డులన్నీ డీన్‌గారి సొరుగులో ఉన్నాయి.

సూరప్పడికి నియమం అర్థం కాలేదు గానీ హాల్ టికెట్టు అన్న మాట అర్థమైంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాడు. "తప్పే బావూ. తప్పు సెయ్యకపోడం కూడా తప్పేనని మాకు తెల్దు. ఏదో ఒకటి మీరే రాసీసుకోండి, నాను సంతకం ఎడతాను."

"కల్పిత దోషముల నమోదు మా సంస్థ సంప్రదాయం కాదు" అన్నారు డీన్‌గారు. కిటికీ అవతల సి సెక్షన్ పిల్లలు తెలిసిన లెక్కలకి గులాబీ కాగితాలు నింపుకుంటున్నారు. "కావలసినచో రేపు మరల పరీక్ష పెట్టెదము. పది దోషములు చేసి చూపవలెను."

"వచ్చినవి తప్పెలా పెడతాను సార్?" అంది దమయంతి. తల దించలేదు.

"నువ్వుండమ్మా" అని సూరప్పడు మళ్లీ డీన్‌గారి వైపు తిరిగాడు. "బావూ, నాను సదువుకున్నోణ్ని కాదు. మా మిల్లులో మగ్గం మీద దారం తెగితే ముడేసి నడిపించేస్తాం. ఎందుకు తెగిందో కాయితం రాసుకుంటా కూకుంటే సాయంత్రానికి గజం గోనె దిగదు."

"మగ్గమునకును మేధస్సునకును పోలిక తగదు" అని డీన్‌గారు లేచి నిలబడ్డారు. "ఇది సహజముగా జరుగునది కాదు. సాధారణ విద్యార్థిని దోషములు రెండున్నర మాసములలో ఎనభై నుండి సున్నాకు పడిపోయినవనిన, దీని వెనుక ఎవరో ఉన్నారు. వారెవరో తేలు వరకు హాల్ టికెట్టు లేదు."

దమయంతి కాళ్లకేసి చూసుకుంటోంది. పైడిరాజు మహంతి బూట్లవైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. నిజం చెప్పి చెడిపోవడం అతనికి కొత్తకాదు.

"నేనే సార్. పాఠం చెప్పేను."

మహంతి వెంటనే రకాల పట్టిక తీశాడు. వేలు పెట్టి ఒకటినుంచి నలభై రెండు దాకా చదివాడు. ఎక్కడా లేదు. హెడ్డాఫీసుకి ఫోను చేశారు. వాళ్లు వాళ్ల పైవాళ్లకి చేశారు. మూడున్నరకి జవాబొచ్చింది. నలభై మూడో రకం మంజూరు చేయడమైనది. అనధికార బోధన.

చిక్కుముడి దానంతటదే విడిపోయింది. మాస్టారు పాఠం చెప్పడం దోషమైతే, విద్యార్థిని వినడం కూడా దోషమే. ఆ లెక్కన దమయంతికి ఈ వారం ఒక తప్పు ఉన్నట్టే. మహంతి సున్నా తీసేసి ఒకటి కొట్టాడు. యాప్ పచ్చబడింది. డీన్‌గారికి కూడా ఊపిరి ఆడింది.

"ఇక తమరి త-1 పూర్తి చేయండి" అని గులాబీ కాగితం పైడిరాజు ముందుకి తోశారు.

పైడిరాజు రాశాడు. దోషం జరిగిన సమయం: మధ్యాహ్నం ఒంటిగంట పది. మానసిక స్థితి: సంతోషం. కారణం: పిల్ల అడిగింది. హామీ దగ్గరకొచ్చేసరికి కలం ఆగింది. అచ్చువాక్యం కింద డీన్‌గారు స్వహస్తాలతో ఇంకో వాక్యం చేర్చారు. "ఈ దోషము పునరావృతమైనచో, పాఠము విన్న విద్యార్థిని కూడ భాగస్వామిగా పరిగణింపబడి, ఆమె హాల్ టికెట్టు శాశ్వతముగా నిలుపుదల చేయబడును."

"ఇది దమయంతికేనా సార్?"

"ఏ విద్యార్థినికైనను. నియమమనగా అందరికి."

పైడిరాజు సూరప్పడి చేతులకేసి చూశాడు. ఇంకా దండం పెట్టే ఉన్నాయి. సంతకం పెట్టేశాడు.

జూన్‌లో దమయంతికి గవర్నమెంటు కాలేజీలోనే సీటొచ్చింది. సూరప్పడు లడ్డూల పొట్లం పట్టుకుని గేటు దగ్గరికొచ్చి, పైడిరాజు చేతిలో పెట్టి, ఏదో చెప్పబోయి కళ్లు తుడుచుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎంట్రెన్సులో కాలేజీ సగటు నూట అరవైకి అరవై నాలుగు. దాని గురించి ఎవరూ అడగలేదు, ఫ్లెక్సీ మీద సగటు పట్టదు. దమయంతి బొమ్మ పట్టింది. బొమ్మ కింద "దోష విశ్లేషణ విభాగం సాధించిన తొలి విజయం" అని రాయించి, విభాగాన్ని మిగతా ఇరవై రెండు బ్రాంచిలకీ విస్తరించారు. పైడిరాజుని ప్రధాన దోషాధికారిని చేసి శాలువా కప్పారు. తొలి సర్క్యులర్ అతని సంతకంతోనే వెళ్లింది. "మన ప్రాంగణమున నలభై మూడవ రకం దోషము పూర్తిగా నిర్మూలింపబడినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము."

కొత్త బ్యాచి వచ్చింది. మొదటి ఆదివారం పరీక్ష అయ్యాక సోమవారం పైడిరాజు పర్యవేక్షణకి ఫస్టియర్ గదిలోకి వెళ్లాడు. అరవై మంది పిల్లలు గులాబీ కాగితాలు ముందేసుకుని కూచున్నారు. ముందు బెంచీలో బక్కపల్చటి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. ఇంకా పదో తరగతి వాసన పోని పిల్ల.

"సార్, రాయిని పైకి విసిరితే పైన ఒక్క క్షణం ఆగుతుంది కదండీ. ఆగినప్పుడు దానిమీద ఏ బలమూ ఉండదు కదా. మరి మళ్లీ కిందకి ఎందుకొస్తుంది?"

ఎంత మంచి ప్రశ్న! పైడిరాజు చెయ్యి దానంతటదే చాక్‌పీసు కోసం వెళ్లింది. రెండు నిమిషాల పని. "ఆగినప్పుడు భూమి దాన్ని వదిలేసిందా?" అని ఒక్క మాట అడిగితే చాలు, మిగతాది ఆ పిల్లే చెప్పేస్తుంది. తలుపు దగ్గర మహంతి కాగితమూ కలమూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూస్తున్నది పైడిరాజుని కాదు, ఆ పిల్ల మెళ్లో వేలాడుతున్న కార్డు మీది నంబరుని.

"కీలో ఉంటుందమ్మా" అన్నాడు పైడిరాజు.

"కీలో డి అనుందండి."

"అయితే డి."

తన గొంతు తనకే డీన్‌గారి గొంతులా వినిపించి పైడిరాజుకి ఒళ్లంతా సిగ్గేసింది. ఆ పిల్ల ఇంకేదో అడగబోయి, అతని మొహం చూసి, తనదే పొరపాటనుకుంది. "సారీ సార్" అని కూచుంది. కాగితం దగ్గరికి లాక్కుని, కారణం అన్న గడిలో "నా అజాగ్రత్త" అని గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసుకుంది.